బండి వాటా తరవాణి

మొన్న సాయంత్రం విజయనగరంలో మా వీధి చివర ఒక కారు గర్జించుకుంటూ మలుపు తిరిగింది. కంపెనీ సైలెన్సరు పీకేసి లావుపాటి స్టీలు గొట్టం బిగించుకున్న కార్ల గొంతు వేరుగా ఉంటుంది. దూరం నుంచే గుండెల్లో తగులుతుంది. పదో తరగతి పేపర్లు దిద్దుతున్నదాన్ని ఎర్ర పెన్ను పడేసి గుమ్మంలోకి పరుగెత్తాను. "బావొచ్చాడు" అని పైకే అనేశాను కూడా. ఆరిన బట్టలు తీస్తున్న పక్కింటావిడ "ఎవరండీ?" అంది. ఏం చెప్పను? మా బావ పోయిన వానాకాలంలోనే పోయాడు. ఆ సైలెన్సరు అంతకు చాలా ఏళ్ల ముందే పోయింది. కారులో ఉన్నది ఎవరో గడ్డం కుర్రాడు. నావంక చూసి ఇంకోసారి గట్టిగా తొక్కి మరీ వెళ్ళాడు. వాడి మొహం మండ. తలుపేసుకుని కాసేపు ఏడ్చాను.

ఆయన మా అక్క మొగుడు. మాకు అన్నదమ్ములు లేరు, అక్కా నేనూ అంతే. రాజాంలో మా నాన్నకు ధాన్యం వ్యాపారం, బాప్టిస్టు సంఘంలో పెద్దరికం. రెండూ ఒకే గొంతుతో నడిపేవాడు. పెద్దకూతుర్ని గడప దాటించనని ఇల్లరికం అల్లుణ్ణి వెతికి తెచ్చాడు. గరివిడిలో ఫర్నేసు దగ్గర పనిచేసే ఒక విశ్వాసి కొడుకు. టాక్సీ నడిపేవాడు, నడిపే బండిని తనే బాగుచేసుకునేవాడు. పెళ్ళయిన కొత్తలో మా నాన్న "అల్లుడు గారూ" అనేవాడు. ఏడాది తిరక్కుండానే గారు ఊడిపోయింది. మా ఇంటి కారు తాళం నాన్న గదిలో, బైబిలు వాక్యాల కేలండరు కింద, మేకుకి వేలాడేది. బావ ఎక్కడికి వెళ్ళాలన్నా గుమ్మం బయట నిలబడి "మావా, తాళం" అనాలి. లోపల్నుంచి "ఎందాక?" అని వచ్చేది. ధాన్యం బస్తాల దగ్గరికి, పాస్టరు గారింటికి, ఆస్పత్రికి, చుట్టాల ఇంటికి. ఆయన చెప్పిన జవాబుల్లో తన సొంత పని ఒక్కటీ ఉండేది కాదు.

బావను తలచుకుంటే నాకు ముందు కనిపించేది ఆయన అరచెయ్యి. ఎవరేం అడిగినా ముందు ఆ చెయ్యి కారు బానెట్టు మీద ఆనించేవాడు, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. "సల్లారనీ పిల్లా" అనేవాడు. నాన్న అరుస్తుంటే కూడా అదే మాట. అక్క అలిగి కంచం ముందు నుంచి లేచిపోయినా అదే మాట. నాకు ఒళ్ళు మండేది. "ఎప్పటికి సల్లారతాది బావా, మనం పోయాకా?" అనేదాన్ని. నవ్వేవాడు. పై పన్ను ఒకటి విరిగి ఉండేది, జాకీ జారి తగిలిందట.

మధ్యాహ్నం అన్నం కంచం పట్టుకుని షెడ్డులో ఆగి ఉన్న కారులో కూర్చుని తినేవాడు. అద్దాలు ఎక్కించుకుని, డ్రైవరు సీట్లో, ఎదురుగా గోడకేసి చూస్తూ. అంత పెద్ద ఇంట్లో ఆయనకంటూ ఉన్న గది అదొక్కటే. నేను వెళ్ళి అద్దం కొడితే కిందికి దించి "ఏటి, తాళమా?" అని ఉలిక్కిపడేవాడు.

ఇంకొకటుంది, దాన్ని చూసి మా ఇంట్లో అందరూ నవ్వుకునేవాళ్ళు. ఆయనకు పులుపు పడదు. పప్పులో మామిడికాయ ముక్కలు ఏరి కంచం అంచున పేర్చేవాడు. చింతపండు పులుసైతే కుండ కేసే చూసేవాడు కాదు. అలాంటి మనిషి పొద్దున్నే తరవాణి మాత్రం తాగేవాడు, మొదట్లో ఒక గ్లాసు, తర్వాత్తర్వాత రెండు. మా వైపు ఇంటింటా ఉండే కుండే అది. గంజి, మిగిలిన అన్నం, నీళ్ళు పోసి పులియబెడతారు, కమ్మని వాసన కోసం దబ్బాకు వేస్తారు. వేసవిలో పైన తేరిన తేట తాగితే ఒంటికి చలవ. మా అమ్మ కుండ మరీ పులుపు. మొదటి గ్లాసు కళ్ళు మూసుకుని దించేవాడు. రెండోది తాగేముందు ఒక్క నిమిషం గ్లాసులోకి చూసేవాడు. "ఇదేం చోద్యం బావా" అని నేను ఏడిపించిన రోజులున్నాయి. తర్వాత ఏడిపించడం మానేశాను. ఎందుకో చెప్తాను.

సైలెన్సరు ఆయన మా ఇంట్లో ఎవర్నీ అడక్కుండా చేసిన ఒకే ఒక్క పని. ఒకరోజు నాన్న సంఘం పెద్దల్ని విశాఖపట్నం తీసుకెళ్ళమన్నాడు. వాళ్ళు మీటింగులో ఉండగా బావ పాతసామాన్ల బజారుకెళ్ళి ఎవరో వాడిపారేసిన లావు గొట్టం కొని, అక్కడే బిగించేసుకున్నాడు. పెద్దలు తిరుగుప్రయాణమంతా చెవుల్లో వేళ్ళు పెట్టుకుని వచ్చారట. కారు మా వీధిలోకి రాగానే కోళ్ళు గోడలెక్కాయి. నాన్న పంచె చెంగు పట్టుకుని బయటికొచ్చాడు.

"ఏటిది?"

"సైలెన్సరు మావా. బండికి ఊపిరి బాగా ఆడతాది."

"నా ఊపిరి ఆగిపోతన్నాదిరా ఈ గోలకి!"

ఆ ఆదివారం చర్చిలో నాన్న పెద్ద ప్రార్థన చేస్తున్నాడు. ముసలమ్మల్ని రెండో విడత తీసుకురావడానికి వెళ్ళిన బావ అప్పుడే వచ్చాడు. కిటికీ రెక్కలు గడగడలాడాయి. నాన్న నోటి మాట నోట్లోనే ఆగిపోయింది. వెనక బెంచీలో ఆడవాళ్ళు చెంగులు నోట్లో కుక్కుకున్నారు. నేనైతే పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని కిలకిలా నవ్వేశాను. ఇంటికొచ్చాక నాన్న "దేవుడికేటి సెవుడా?" అని బావ మీద విరుచుకుపడ్డాడు.

"ఎందుకు బావా ఈ తంటా" అని తర్వాత షెడ్డులో అడిగాను. చెయ్యి బానెట్టు మీద పెట్టాడు. "ఈ ఇంట్లో నాను ఏటన్నా ఎవులికైనా ఇనపడతన్నాదా పిల్లా? ఇదైతే ఇనపడతాది" అన్నాడు.

గోల ఒక్కటే కాదు, బండికి రోగాలు కూడా వచ్చాయి. ఒక వేగం దాటితే కారు లోపల తుమ్మెద రొద. ఆగి ఉంటే కింద ఎక్కడో రేకు గలగల. ఆపైన వేడి. రాజాం దాటితే చాలు, ముల్లు ఎర్రగీత కేసి పాకేది. బావకు అదే పండగ. చాప పరుచుకుని కింద దూరేవాడు. పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించుకుని వినేవాడు. ఒకసారి నన్ను పిలిచి, తడిగుడ్డతో వెనక గొట్టం మూతి మూయమన్నాడు. మూస్తే ముందు అతుకు దగ్గర బుస్సుమని గాలి తన్నింది. "అదిగో దొంగ" అన్నాడు. ఆ అతుకు మార్చాడు. గలగలలాడే రేకు తీగతో బిగించాడు. కొత్త గొట్టం రబ్బరు పైపుకి మరీ దగ్గరగా పోతోందని, పైపు సెగకు పగిలి నీళ్ళు కారుతున్నాయని కనిపెట్టాడు. పైపు మార్చి, మధ్యన రేకు అడ్డం కట్టాడు. గోల సగానికి దిగింది. నీళ్ళు కారడం పూర్తిగా ఆగింది. వేడి మాత్రం తగ్గలేదు. "నీళ్ళు తగ్గనేదు, వేడి తగ్గనేదు. ఇదేటి మాయ?" అని గొణుక్కునేవాడు. రాజాం మెకానిక్కు వచ్చి చూసి, "అన్నా, ఆ గొట్టం పీకీ, అదే దయ్యం" అని తేల్చేశాడు.

అప్పుడే పాతపట్నం మాట వచ్చింది. టాక్సీ రోజుల నాటి స్నేహితుడొకాయన అక్కడ మెయిన్ రోడ్డు మీద షెడ్డు వేశాడు. ఒరిస్సా వైపు పోయే బళ్ళన్నీ ఆ దారినే పోతాయి, సగం సగం చేద్దాం రమ్మన్నాడు. అక్క మొహం వెలిగిపోయింది. "చిన్నదైనా నాకంటూ ఒక వంటిల్లు ఉంటాదే" అని నాతో రహస్యంగా అంది. బావ తెలివిగా, పాస్టరు గారు భోజనానికి వచ్చిన రోజు చూసి ఆయన ముందే అడిగాడు. పాస్టరు ముందు నాన్న కాదనలేకపోయాడు. అవుననడానికీ మనసు రాలేదు. కాసేపు మజ్జిగన్నం కలుపుతూ కూర్చుని, చివరికి అన్నాడు.

"నీ గోలబండిలో నానే ఎక్కి కూసుంటాను. పొగలు కక్కకుండా పాతపట్నం సేరినాదా, ఆలుమగలిద్దరూ అక్కడే ఉండండి. దారిలో ఆగినాదా, మరి ఈ మాట నా గుమ్మంలో ఎత్తకూడదు. దేవుడి ముందు సెప్తన్నాను."

మా నాన్న మాటంటే మాటే. బావ ఎగిరి గంతేశాడు. నిజంగానే గంతేశాడు, షెడ్డులో, నేను చూశాను.

ఆ తర్వాత రోజులన్నీ కారుకిందే. మాకు పొద్దున్నే కుటుంబ ప్రార్థన ఉంటుంది. బావ ప్రార్థనకు వచ్చేముందు బానెట్టు ఎత్తి, రేడియేటరు నీళ్ళ మూత తీసి పెట్టి వచ్చేవాడు. అయ్యాక వెళ్ళి నీళ్ళు నింపి మూసేవాడు. అమ్మ రోజూ ప్రార్థనకు ఆఖర్న వచ్చేది, తడి చేతులు చెంగుకి తుడుచుకుంటూ. నాన్న కళ్ళు మూసుకునే విసుక్కునేవాడు. ప్రయాణం రోజు మరీ ఆలస్యంగా వచ్చింది. వచ్చి బావ వంక చూసి చిన్నగా నవ్వింది.

నడివేసవి. ముందు సీట్లో నాన్న, వెనక అక్కా నేనూ. అక్క ఒళ్ళో పులిహోర గిన్నె, కాళ్ళ దగ్గర బట్టల సంచి. తిరిగి రానన్నట్టు సర్దుకుంది పిచ్చిది. పాలకొండ దాకా ముల్లు కదల్లేదు. బావ ఈల కూడా వేశాడు. పాలకొండ దాటాక మెల్లగా లేచింది. వంశధార వంతెన మీదికి వచ్చేసరికి ఎర్రగీత దగ్గరకు పోయింది. అప్పుడు బావ చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. ఆ ఎండలో, అద్దాలన్నీ దించి, హీటరు పూర్తిగా తిప్పాడు. ఇంజను వేడి అంతా మా కాళ్ళ మీదికి, మొహాల మీదికి కొట్టింది.

"సంపేస్తావేటిరా?" అన్నాడు నాన్న.

"ఒక్క అరగంట మావా. ఆ వేడి ఇటు లాగితే ఇంజను బతుకుతాది. ఓర్సుకోండి, కాళ్ళు పట్టుకుంటాను."

ఎవరమూ దిగలేం, ఆగితే ఓడిపోయినట్టే. నాన్న కండువా తడిసి ముద్దయింది. అక్క పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. "ఏదో పులిసిన వాసన వస్తన్నాదే" అంది మధ్యలో. నేను గిన్నె మూత తీసి చూసి, పులిహోర అన్నాను. బావ ఏమీ వినడం లేదు. ముల్లు, రోడ్డు, ముల్లు, రోడ్డు. ఆయన మెడ మీద నరం ఒకటి ఎగిరెగిరి పడటం వెనక నుంచి చూస్తూ కూర్చున్నాను. దూరంగా పాతపట్నం అవతలి కొండలు కనిపించాయి. "అదుగో అక్కా, వచ్చేశాం" అని అక్క చెయ్యి నొక్కాను. ఆ మాట అన్నానో లేదో, బానెట్టు కింద నుంచి తెల్లగా ఆవిరి తన్నింది. బావ ఇంకొంచెం దూరం నడిపాడు, ఏమీ కనపడకపోయినా నడిపాడు. బండే ఆగిపోయింది.

నాన్న దిగి కండువా పిండుకున్నాడు. అరవలేదు. "ప్రభువు సిత్తం నేదు. సల్లారాక తిప్పు" అన్నాడు. అక్క సంచి మీద తల పెట్టి ఏడ్చింది. బావ చెయ్యి బానెట్టు మీద ఆనించాడు, కాలినా తీయలేదు. నేనే లాగాను ఆ చేతిని.

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి షెడ్డులోనే కూర్చున్నాను. బావ రేడియేటరు విప్పి కింద పెట్టి, గొట్టంతో నీళ్ళు వదిలాడు. కింది నుంచి తెల్లగా, జిగురుగా ఏదో కారింది. గుప్పుమని పులిసిన కంపు. ఆయన వేలు పెట్టి తీశాడు. అన్నం మెతుకుల పిండి. దాని వెనకే, ఉడికి నల్లబడిన ఆకు ముక్క ఒకటి వచ్చింది. దబ్బాకు.

సరిగ్గా అప్పుడే మా అమ్మ చెంబుతో వచ్చింది. "ఓలమ్మ, ఇప్పీసినావేటి అల్లుడా? సలవ పోద్దామని వచ్చినాను" అంది.

"ఏటత్తా?"

"నివ్వే అన్నావు కదయ్యా. నీ తరవాణికి నా కడుపు సల్లబడ్డాది, ఆ వేడిబండిక్కూడా పొయ్యత్తా అని. అప్పట్నించి రోజూ ప్రార్థనకి ముందు పోస్తన్నాను. నిన్న రెండు సెంబులు పోసినాను, మీరు దూరమెల్తన్నారని." ఆగి, మొహం చిన్నబుచ్చుకుంది. "అయినా నిలబడనేదు. ఆ గొట్టం అంత వేడి సేస్తన్నాది కావాల."

చెప్పేద్దామని నోరు తెరిచాను. బావ నావంక ఒక్క చూపు చూశాడు, అంతే, మూసుకున్నాను. ఆయన ఆ ఆకు ముక్కను పిడికిట్లో నలిపేశాడు. లేచి అమ్మ చేతిలో చెంబు తీసుకున్నాడు.

"ఇంక బండికొద్దత్తా. దీని జబ్బు సైలెన్సరే, రేపు పీకేస్తాను. దీని వాటా కూడా నాకే పొయ్యి."

పులుపు పడని ఆ మనిషి చెంబెడు తరవాణి అక్కడే నిలబడి తాగాడు. అమ్మ ఎంత సంబరపడిపోయిందో.

ఆమె అటు వెళ్ళగానే నేను విరుచుకుపడ్డాను. "నాన్నకి సెప్పు బావా! బండిది తప్పు కాదు, సైలెన్సరుది కాదు. మళ్ళీ ఎల్దాం అను!"

"సెప్తే ఏటవుద్ది? మీ నాన్న నన్నొగ్గీసి మీ అమ్మని పట్టుకుంటాడు."

అది నిజమే. అంతకు ముందు ఒకసారి పాస్టరు గారికి వడ్డించిన కూరలో ఉప్పు ఎక్కువైందని, ఆ వానాకాలమంతా నాన్న అమ్మ చేత్తో పెట్టిన అన్నం ముట్టలేదు. నేను వడ్డిస్తేనే తినేవాడు. అమ్మ చిక్కి సగమైపోయింది. ఇక ఈ సంగతి తెలిస్తే, కూతుర్ని పంపడం ఇష్టంలేక కావాలనే చేసిందంటాడు, సంఘమంతా చెప్తాడు. అమ్మ తట్టుకోలేదు.

"అక్కకైనా సెప్పు."

"మీ అక్క నోరు నీకు తెల్దేటి? సాయంత్రానికి ఇల్లు కూలుద్ది." రేడియేటరు కడుగుతూనే ఉన్నాడు. "నాను పాతపట్నంలో సల్లగా కూసుని, అత్తని ఇక్కడ వేడిలో ఒగ్గీసి రానా? సల్లారనీ పిల్లా."

నాకు మా బావ మీద ఇప్పటికీ కోపమే. ఇంత మంచితనం ఎవరడిగారు? మర్నాడు సైలెన్సరు విప్పి షెడ్డు దూలానికి వేలాడదీశాడు. పాత గొట్టం బిగించాడు. శుభ్రపడిన కారు మళ్ళీ ఏనాడూ కాగలేదు. నాన్న వచ్చినవాళ్ళకల్లా "సెప్పాను కాదేటి, ఆ గొట్టం పీకినకాణ్ణించి బంగారంలాగున్నాది బండి" అని చెప్పేవాడు. బావ పక్కనే నిలబడి తలూపేవాడు. అక్క ఏ చిన్న గొడవొచ్చినా "నీ గొట్టం మూలానే కదా నా బతుకు ఇక్కడే ఉండిపోయినాది" అనేది. దానికీ తలూపేవాడు. పొద్దున్నే రెండు గ్లాసులు, "మావా, తాళం", "ఎందాక?" ఏళ్ళు గడిచిపోయాయి. స్నేహితుడి షెడ్డు ఇంకెవరో పంచుకున్నారని విన్నాం.

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం కంచం తెద్దామని అక్క షెడ్డుకెళ్ళింది. డ్రైవరు సీట్లో, అద్దాలు ఎక్కించుకుని, గోడకేసి చూస్తూ ఉన్నాడట. నిద్రపోయాడనుకుంది. గుండె ఆగిపోయిందన్నారు. చేతులు రెండూ స్టీరింగు మీదే ఉన్నాయి. తాళం నాన్న గదిలో మేకుకే ఉంది.

సమాధి చేసిన మర్నాడు పొద్దున్న, ఇంటినిండా చుట్టాలుండగా, అమ్మ వంటింట్లోంచి రెండు గ్లాసులు పట్టుకొచ్చి వసారాలో నిలబడిపోయింది. ముసలిదైపోయింది. గ్లాసుల వంక చూసి, నావంక చూసి, గోడుగోడున ఏడ్చింది.

"ఇది అల్లుడిది, ఇది బండి వాటా. ఇంకెవులు తాగుతారే? అల్లుడి జ్ఞాపకంగా మళ్ళీ బండికే పోసీమంటావా?"

అవతల వాలుకుర్చీలో నాన్న తలెత్తాడు. "బండికేటి పోసీడం?" అన్నాడు.

"ఏటీ నేదు నాన్నా" అని అమ్మ చేతిలోంచి రెండు గ్లాసులూ లాక్కున్నాను. మొదటిది గటగటా తాగేశాను. రెండోది తాగేముందు అందులోకి చూశాను. పైన దబ్బాకు ముక్క ఒకటి తేలుతోంది. దానితో సహా తాగాను. నాకు కూడా తరవాణి పడదు.

"నీకింత ఇష్టమని నాకు తెల్దే గుంటా" అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "అలగైతే సీసాలో పోసిస్తాను, ఇజీనగరం పట్టుకెళ్ళు. వచ్చిన ప్రతిసారీ పట్టుకెళ్ళు."

"అలగేనమ్మా" అన్నాను.